చేతిఫోనుకు జల్లెడ ఎక్కడ పెట్టవలెను?

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలమున పుట్టి పెరిగినవారికి ఒక సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. నీరు తేటగా ఉన్నంతమాత్రమున మంచినీరు కాదు. బోరుబావి నీటికి రంగు లేదు, వాసన లేదు. త్రాగినవానికి ఆ పూట ఏమియు కాదు. కాని లీటరునకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటిన ఫ్లోరైడు ఏండ్ల తరబడి లోపలికి పోయినచో పండ్లపై గోధుమరంగు మరకలు పడును, కీళ్ళు పట్టుకొనిపోవును, ఎముకలు వంకరలు పోవును. పండ్లు లోపల కట్టుకొనుచున్న చిన్న వయసుననే ఆ మరకలకు పునాది పడును. పెద్దవాడై ఈ ఊరికి వచ్చినవాని పండ్లకు ఆ మరకలు రావు. కావున ఒకే నీరు తండ్రికి ఒక విధముగను, బిడ్డకు మరియొక విధముగను పనిచేయును. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన మొదటి శాస్త్రీయ నివేదిక 1937లో నెల్లూరు ప్రాంతమునుండి వెలువడినది. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు ఉపాయమునకు మాత్రము ‘నల్లగొండ పద్ధతి’ అను పేరు ప్రపంచమంతట స్థిరపడినది. దానిని రూపొందించినది నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ. పిదప గొట్టములద్వారా నదీజలములను ఇంటింటికి తెచ్చు మిషన్ భగీరథ పథకము వచ్చినది. దాని మొదటి దశ 2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గరి కోమటిబండలో ప్రారంభమైనది.

ఆ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే రాష్ట్రమున పెక్కుచోట్ల టీ-ఫైబరు పథకమువారు గాజుతంతువుల గొట్టములను కూడ దింపిరి. రెండుసార్లు త్రవ్వుట ఎందుకని చేసిన పొదుపు అది. అయినను ఆలోచించి చూచినచో చిత్రముగా తోచును. ఒకే కందకమున ఒక గొట్టములో నీరు, ప్రక్క గొట్టములో వెలుగు రూపమున సమాచారము! నీటిని ఊరిలోనికి వదలుటకు ముందు శుద్ధి చేయుదురు, పరీక్షింతురు. రెండవ గొట్టమున వచ్చుదానిని ఎవరు పరీక్షింతురు? ఎక్కడ వడగట్టవలెను? అసలు వడగట్టుటకు వీలగునా? ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే పరిశీలింతము.

ముందుగా పిల్లల చేతికి ఫోను ఎట్లు చేరినదో జ్ఞాపకము చేసికొనుట మంచిది. 2016 సెప్టెంబరులో జియో సంస్థ సేవలు ప్రారంభమైన పిదప అంతర్జాలపు ఖర్చు ఒక్కసారిగా పడిపోయినది. అప్పటికిని ఫోను పెద్దల వస్తువే. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినవి. ఆ ఏడు సెప్టెంబరు 1 నుండి రాష్ట్ర ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పించినది. టీవీ లేని ఇంటను, పాఠము తప్పిపోయినప్పుడును, అభ్యాసపత్రములు పంపుకొనుటకును ఫోనే దిక్కైనది. వద్దన్న పెద్దలే అప్పుచేసి కొనియిచ్చిరి. బడులు తిరిగి తెరచిరి; ఫోను మాత్రము వెనుకకు పోలేదు. ఇందులో పిల్లల తప్పు లేదు. పెద్దలు ఇచ్చిన పలక అది.

దేశమందలి పల్లెలలో జరిగిన ‘అసర్’ 2024 సర్వే ప్రకారము 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట తెలియును. సర్వేకు ముందటి వారములో చదువు పనికై దానిని వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది. ఈ మాధ్యమములు వాడువారిలో వేధించు ఖాతాను అడ్డగించుట లేక దానిపై ఫిర్యాదు చేయుట తెలిసినవారు 62 మంది, తమ ఖాతాను పరులకు కనబడకుండ చేసికొనుట తెలిసినవారు సుమారు 55 మంది. మిగిలిన ముప్పది, నలుబదిమంది సంగతి ఉపాధ్యాయులు ఆలోచింపవలెను. తలుపు ఉన్నది, గడియ ఉన్నది, గడియ వేయుట తెలియదు.

ఇక పనికిరాని వెబ్‌సైట్లనగా ఏవి? అశ్లీల చిత్రములు అందరికిని తట్టును. కాని అవి మాత్రమే కాదు. క్రూరహింసను వేడుకగా చూపునవి, ఆత్మహత్యను ప్రేరేపించునవి, అప్పులిచ్చి పీడించునవి, పందెములాడించునవి కూడ ఈ జాబితాలోనివే. ఆన్‌లైను రమ్మీవంటి పందెపు ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించినది. డబ్బు పెట్టి ఆడు ఆటలపై పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటికి చట్టము చేసినది. అయినను వాటి ప్రకటనలు వేరువేరు వేషములలో తలుపు తట్టుచునే ఉండును.

ఫోనులో ఒక పేజీ ఎట్లు తెరచుకొనునో తెలిసినగాని జల్లెడ ఎక్కడ పెట్టవలెనో తెలియదు. దీనికి దూరము పోనక్కరలేదు. మీ ఫోనులోని పేర్ల పట్టికను తలచుకొనుడు. మేనమామతో మాట్లాడవలెనన్నచో ఆయన పది అంకెల నెంబరును ఎవరు జ్ఞాపకము పెట్టుకొందురు? ‘మామ’ అను పేరు నొక్కుదుము. ఫోను ఆ పేరుకు ఎదురుగానున్న నెంబరును వెదకి కలుపును. వెబ్‌సైట్ల సంగతియు అంతే. ప్రతి వెబ్‌సైటు ఎక్కడనో ఒక సర్వరు యంత్రములో ఉండును. ఆ యంత్రమునకు ఒక అంకెల చిరునామా ఉండును. మనుష్యులు అంకెలను గుర్తుంచుకొనలేరు గనుక పేర్లు పెట్టినారు. పేరు చెప్పినచో నెంబరు చెప్పు పట్టిక ఒకటి కావలెను. ఆ పట్టికయే డి.ఎన్.ఎస్., అనగా పేర్ల వ్యవస్థ. పాల్ మొకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1983లో దీనిని రూపొందించెను. అంతకు పూర్వము ప్రపంచమందలి యంత్రముల పేర్లన్నియు ఒకేయొక దస్త్రములో ఉండెడివి. అందరును దానిని నకలు తెచ్చుకొనెడివారు! యంత్రములు పెరిగినకొలది ఆ పని సాగక, బాధ్యతను పంచి ఈ ఏర్పాటు చేసినారు.

కావున పిల్లవాడు బ్రౌజరులో ఒక పేరు వ్రాసినప్పుడు ఫోను నేరుగా ఆ వెబ్‌సైటునకు పోదు. ముందు పేర్ల గుమాస్తా దగ్గరకు పోయి “ఈ పేరుగలవాని నెంబరెంత?” అని అడుగును. జవాబు వచ్చిన పిదపనే అసలు ప్రయాణము మొదలగును. సామాన్యముగా ఈ గుమాస్తా మనము రీఛార్జి చేసికొను కంపెనీవాడే. అడిగినదానికెల్ల జవాబు చెప్పుట అతని పని. పిల్లవాడా పెద్దవాడా అని చూడడు.

ఇక్కడనే మనకు మంచి అవకాశము కలదు. గుమాస్తాను మార్చుకొనవచ్చును. పిల్లలున్న ఇండ్లకై ప్రత్యేకముగా ఏర్పడిన గుమాస్తాలు కలరు. వారు అశ్లీల వెబ్‌సైట్ల పేర్లను, మోసపు వెబ్‌సైట్ల పేర్లను ఒక పట్టికగా దగ్గర పెట్టుకొని, అట్టి పేరు అడిగినప్పుడు “అట్టివాడు లేడు” అని జవాబు చెప్పుదురు. నెంబరు తెలియదు గనుక పేజీ తెరచుకొనదు. ఓపెన్ డి.ఎన్.ఎస్. సంస్థ ఇట్టి కుటుంబ సేవను 2010లోను, క్లౌడ్‌ఫ్లేరు సంస్థ 2020 ఏప్రిల్ 1నను ఉచితముగా ప్రారంభించినవి. రెండవదాని అంకెల చిరునామాలు 1.1.1.3, 1.0.0.3. బడిలోగాని ఇంటిలోగాని వైఫై పెట్టె ఉన్నచో దాని అమరికలలో డి.ఎన్.ఎస్. అని ఉన్నచోట ఈ రెండు సంఖ్యలను వ్రాసినచో, ఆ వైఫైని వాడుకొను ఫోనులన్నిటికిని ఒక్కసారిగా జల్లెడ పడును. కంప్యూటరు గది ఉన్న ప్రతి ఉన్నత పాఠశాలలోను ఇది పది నిమిషముల పని.

కాని పల్లెలలో వైఫై పెట్టెలు ఎన్ని? ఎక్కువ ఫోనులు సిమ్ కార్డు డేటామీదనే నడచును. వీటికి జల్లెడను ఫోనులోనే పెట్టవలెను. 2018లో వచ్చిన ఆండ్రాయిడు 9 మొదలు ఆ తరువాతి ఫోనులన్నిటిలోను ‘ప్రైవేట్ డి.ఎన్.ఎస్.’ అను అమరిక కలదు. సెట్టింగులలో నెట్‌వర్కు లేక కనెక్షన్లు అను భాగములో వెదకినచో దొరకును. ఇక్కడ అంకెలు పనికిరావు, పేరు వ్రాయవలెను. క్లౌడ్‌ఫ్లేరు కుటుంబ సేవకు ఆ పేరు ఆంగ్ల లిపిలో ఇట్లుండును: ‘ఫ్యామిలీ’, పిదప చుక్క, ‘క్లౌడ్‌ఫ్లేర్’, పిదప చిన్న అడ్డగీత, ‘డి.ఎన్.ఎస్.’ అను మూడు అక్షరములు మధ్య చుక్కలు లేకుండ, పిదప చుక్క, ‘కామ్’. నడుమ ఖాళీలు ఉండరాదు. దీనిని వ్రాసి భద్రపరచినచో సిమ్ డేటాకును, ఏ వైఫైకి కలిపినను దానికిని ఇదే గుమాస్తా పనిచేయును. ఖర్చు ఒక్క పైసాయు లేదు, క్రొత్త యాప్ దింపుకొననక్కరలేదు. నా అభిప్రాయమున ఇంటిలో చేయదగిన ఏర్పాట్లలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలమిచ్చునది ఇదియే.

ఈ విషయమును తరగతిలో ఆడించి చూపవచ్చును. ఒక విద్యార్థిని ఫోనుగాను, ఒకరిని గుమాస్తాగాను, నలుగురిని వెబ్‌సైట్లుగాను నిలుపవలెను. వెబ్‌సైట్లకు అంకెల చీటీలు ఇచ్చి, పేర్లకు ఎదురుగా అంకెలు వ్రాసిన కాగితమును గుమాస్తాకు ఇయ్యవలెను. ఒక పేరును కొట్టివేసి ఆట నడిపించినచో ఏమగునో పిల్లలే చెప్పుదురు. వారిలో ఒక గడుసువాడు తప్పక ఒక ప్రశ్న వేయును: “సార్, నెంబరు నాకు ముందే తెలిసియున్నచో గుమాస్తాతో పనియేమి?” ఆ ప్రశ్న వచ్చినదనగా పాఠము అర్థమైనదని సంతోషింపవలెను. మామ నెంబరు నోటికి వచ్చినవాడు పేర్ల పట్టికను తెరువడు గదా! డి.ఎన్.ఎస్. జల్లెడకు ఇది ఒక చిల్లు.

ఇంకను పెద్ద చిల్లులు కలవు. కొన్ని బ్రౌజరులలో ఫోను గుమాస్తాను కాదని తన సొంత గుమాస్తాను పెట్టుకొను సౌకర్యము ఉన్నది. బ్రౌజరు అమరికలలో ‘సురక్షిత డి.ఎన్.ఎస్.’ అనుచోట దానిని చూచుకొనవలెను. రెండవది వి.పి.ఎన్. ఇది ఫోనునుండి మరియొక దేశమందలి యంత్రము వరకు వేసిన సొరంగమువంటిది. పేరు అడుగుటయు, పేజీ తెచ్చుటయు సొరంగములోపలనే జరిగిపోవును. దారిలోనున్న ఏ గుమాస్తాకును కనబడదు. బ్రిటనులో 2025 జూలై 25 నుండి అశ్లీల వెబ్‌సైట్లు చూడగోరువారి వయస్సును గట్టిగా నిర్ధారింపవలెనను నియమము అమలులోనికి రాగా, ఆ రోజులలోనే అక్కడ వి.పి.ఎన్. యాప్‌ల దిగుమతులు ఒక్కసారిగా పెరిగిపోయినవి. ఇక ఉచిత వి.పి.ఎన్.లలో కొన్ని వాడువాని సమాచారమునే అమ్ముకొని బ్రతుకును. గోడ దూకినవాడు ముండ్లలో పడిన సామెతగా, జల్లెడను తప్పించుకొనబోయి పిల్లవాడు ఇంకొక అపాయములో చిక్కుకొనును. ఈ సంగతిని దాచక పిల్లలకు చెప్పుటయే మంచిది.

ప్రభుత్వమే వీటన్నిటిని మూసివేయరాదా అని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ ప్రయత్నము జరిగినది. 2015 ఆగస్టులో 857 వెబ్‌సైట్లను మూయించి, విమర్శలు రాగా కొద్ది దినములలోనే ఆ ఉత్తర్వును సడలించిరి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశముపై 827 వెబ్‌సైట్లను మూయించిరి. వీటిలో ఒక పెద్ద సంస్థ కొలది రోజులకే పేరు చివరిభాగము మార్చుకొని మరల ప్రత్యక్షమైనది. పేరు మార్చుటకు పట్టు ఖర్చు అత్యల్పము. ప్రభుత్వపు ఉత్తర్వుకు పట్టు కాలము అధికము. ఇది పరుగుపందెమైనచో ఎవరు ముందుందురో చెప్పనక్కరలేదు. మూయుట వ్యర్థమని నా మాట కాదు. ఊరిబయట ఒక జల్లెడ ఉన్నను ఇంటిలో బిందెకు గుడ్డ కట్టుట మానరాదు.

ఇక యాప్‌ల సంగతి. జల్లెడ పెట్టితిమి గదా అని నిశ్చింతగానున్న తల్లిదండ్రులు ఇక్కడనే మోసపోవుదురు. యూట్యూబు అనునది ఒకే పేరు. అందులో త్రికోణమితి పాఠమును కలదు, చూడరానిదియు కలదు. గుమాస్తా యూట్యూబు నెంబరు చెప్పవలెనా, మానవలెనా? చెప్పినచో రెండును వచ్చును, మానినచో రెండును పోవును. లోపలి పేజీని చూచి నిర్ణయింపవచ్చును గదా అందుమా, నేటి వెబ్‌సైట్లన్నియు దాదాపుగా గూఢలిపిలో ప్రయాణము చేయును. దారిలోనున్నవానికి ఉత్తరము ఎవరింటికి పోవుచున్నదో తెలియునుగాని, కవరులోపల ఏమున్నదో తెలియదు. మన బ్యాంకు రహస్యములు కాపాడబడుచున్నది ఈ గూఢలిపివలననే గనుక దానిని తిట్టుకొని లాభము లేదు.

కావున యాప్ లోపలి జల్లెడను ఆ యాప్ లోనే పెట్టవలెను. యూట్యూబులో ‘రెస్ట్రిక్టెడ్ మోడ్’ కలదు. గూగులు వెదకులాటలో ‘సేఫ్‌సెర్చ్’ కలదు. దానిని ‘ఫిల్టరు’ అను స్థితిలో ఉంచవలెను. ప్లే స్టోరులో కుటుంబము అను శీర్షిక క్రింద తల్లిదండ్రుల నియంత్రణ పెట్టి, వయస్సును ఎన్నుకొని, పిల్లలకు తెలియని నాలుగంకెల రహస్య సంఖ్యను ఇయ్యవచ్చును. పిల్లవానికి వేరే ఫోను ఉన్నచో గూగులువారి ‘ఫ్యామిలీ లింక్’ ద్వారా ఏ యాప్ దింపుకొనినను తల్లి ఫోనునకు అనుమతికై కబురు వచ్చునట్లు చేయవచ్చును. ఆపిలు ఫోనులో 2018 నుండి ‘స్క్రీన్ టైమ్’ అను పేర ఇట్టి ఏర్పాటు ఉన్నది.

వీటి తయారీదారులు ఒక విషయమును మరచినారని తోచును. ప్రతి బిడ్డకు ఒక ఫోను, ప్రతి ఫోనుకు ఒక ఖాతా ఉండునని వారి ఊహ. మన పల్లెలలో ఇంటికి ఒక ఫోను. పగలు నాయన జేబులో ఉండును, సాయంత్రము అక్క హోంవర్కుకు, రాత్రి తమ్ముని ఆటకు. ఖాతా నాయనది. వీడియోల యాప్‌లు ఒక ఖాతాలో ఎవరు ఏది ఎంతసేపు చూచిరో లెక్కగట్టి, దానినిబట్టి తరువాతి వీడియోను ముందుకు త్రోయును. మూడు సెకనులు ఆగినను అది ఇష్టముగనే లెక్క! అందువలన పెద్దవారు అర్ధరాత్రి చూచినదాని వాసన మరునాడు పిల్లల తెరపైకి వచ్చును. పిల్లవాడు ఏమియు వెదకలేదు. అది తానుగా వచ్చి ముందు నిలుచును. ఇట్టి ఇండ్లలో పిల్లల ఫోనును తనిఖీ చేయుటకు ముందు పెద్దలు తమ చూపుల చరిత్రను సరిచూచుకొనుట న్యాయము. కొన్ని ఫోనులలో ఇద్దరు వాడుకొనుటకు వేరువేరు ప్రొఫైళ్ళు పెట్టుకొను వీలు కలదు. లేనిచో యూట్యూబులో చరిత్రను తుడిచివేసి, పిల్లలకు ఇచ్చు వేళ ఖాతానుండి బయటకు వచ్చి, రెస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టి ఇయ్యవచ్చును. కొంచెము విసుగైన పనియే.

జల్లెడ మరీ సన్ననిదైనను చిక్కే. మాటలనుబట్టి వడగట్టు పద్ధతి తొలినాళ్ళ నుండి ఉన్నది. 1996లో అమెరికా సంస్థ ఏ.ఓ.ఎల్. ఇంగ్లండులోని స్కంథార్ప్ అను పట్టణపు ప్రజలను ఖాతాలు తెరువనీయలేదు. కారణము ఆ ఊరి పేరు అక్షరముల నడుమ ఒక బూతుమాట దొరలుటయే! ఇట్టి జల్లెడ రొమ్ము క్యాన్సరును గూర్చిన వైద్యుని వ్యాసమును, బహిష్టు పరిశుభ్రతను గూర్చిన పాఠమును కూడ ఆపివేయవచ్చును. అదే సమయమున తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాసిన చెత్తను మాత్రము గుర్తింపలేక వదలివేయవచ్చును. ఆంగ్ల పదముల పట్టికతో పనిచేయు యంత్రమునకు నల్లగొండ యాస ఎట్లు తెలియును? నీటిలో ఫ్లోరైడును గుర్తించుటకు రసాయనము కలదు. మాటలో చెడుగును గుర్తించుటకు అట్టి రసాయనము లేదు. నీటితో పోలిక ఇంతవరకే చెల్లును.

మరి ఏ జల్లెడయు పూర్తిగా పనిచేయనప్పుడు పిల్లవాడు ఏదో ఒకనాడు చూడరానిది చూచుట తప్పదు. అప్పుడు ఏమి జరుగుననునది ముఖ్యము. ఇక్కడ జీవశాస్త్రపు ఉపాధ్యాయునికి పెద్ద పని కలదు. మన రాష్ట్రపు ఎనిమిదవ తరగతి జీవశాస్త్రములో కౌమారదశను గూర్చి, పదవ తరగతిలో ప్రత్యుత్పత్తిని గూర్చి పాఠములున్నవి. ఈ పాఠములను “ఇంటివద్ద చదువుకొనుడు” అని దాటవేయు ఉపాధ్యాయులు లేకపోలేదు. సిగ్గు సహజమే. కాని బడిలో జవాబు దొరకని ప్రశ్న ఆరిపోదు. అది ఫోనులోనికి పోవును. అక్కడ దానికి జవాబు చెప్పువారు శాస్త్రజ్ఞులు కారు. పదమూడేండ్ల వయసున ఉద్వేగములకు, క్రొత్తదనపు మోజునకు సంబంధించిన మెదడు భాగములు చురుకుగానుండును. ముందు వెనుకలు ఆలోచించి ఆపు ముందరి భాగము ఇరువదేండ్లు దాటిన పిదపగాని పూర్తిగా పరిపక్వము కాదు. కావున కుతూహలము దుర్గుణము కాదు, వయోధర్మము. అశ్లీల చిత్రములు నటులచేత చేయించిన వ్యాపారమనియు, అందులోని శరీరములుగాని ప్రవర్తనగాని నిజజీవితమునకు కొలబద్దలు కావనియు ఆ పాఠమున ఒక పది నిమిషములు చెప్పినచో పిల్లలకు ఎంతయో ఊరట.

అంతకన్న అపాయకరమైనది ఒకటి కలదు. స్నేహము నటించి ఆడపిల్లలనుండిగాని మగపిల్లలనుండిగాని ఒక ఫోటో రాబట్టి, పిదప దానిని అందరికి పంపుదునని బెదిరించి డబ్బు గుంజువారు కలరు. ముఖమును వేరొక శరీరమునకు అతికించి కృత్రిమముగా తయారుచేసిన బొమ్మతోనైనను ఇట్లు బెదరింతురు. బెదరించువాని బలమంతయు ఒక్క విషయమున ఉన్నది: పిల్ల ఇంటిలో చెప్పదని. ఎందుకు చెప్పదు? చెప్పినచో దెబ్బలు పడును, ఫోను లాగుకొందురు, ఆడపిల్లయైనచో చదువే మాన్పించి పెండ్లి చేయుదురేమోనని భయము. ఆ భయము ఊహాజనితము కాదు. కావున తల్లిదండ్రుల సమావేశమున ఉపాధ్యాయులు వారిచేత ఒక మాట ఇప్పించుట మేలు: ఫోనులో ఏమి జరిగినను వచ్చి చెప్పిన బిడ్డకు చదువు ఆగదని. నా దృష్టిలో ఈ మాట ముందు చెప్పిన డి.ఎన్.ఎస్. జల్లెడకన్న బలమైనది. పిల్లలు పెద్దలకు చెప్పుటకు జంకుదురు, తోటివారికి చెప్పుదురు. ఇది గ్రహించియే తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగము విద్యాశాఖతో కలిసి 33 జిల్లాలలో 1,650 ప్రభుత్వ పాఠశాలలనుండి బడికి ఇద్దరు చొప్పున 3,300 మంది విద్యార్థులను ‘సైబరు అంబాసిడర్లు’గా తీర్చిదిద్దు కార్యక్రమమును 2021లో చేపట్టినది.

చట్టము కూడ పిల్లల ప్రక్కననే ఉన్నది. పోక్సో చట్టము 2012లో వచ్చినది. సమాచార సాంకేతిక చట్టము 67బి విభాగము ప్రకారము పిల్లల అశ్లీల చిత్రములను తయారుచేయుట, పంపుట, వెదకి చూచుటయు నేరములే. మొదటిసారికే ఐదేండ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా. ఇట్టి చిత్రములను చూచుటయు, దగ్గర ఉంచుకొనుటయు శిక్షార్హములని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న స్పష్టము చేసినది. తరగతి గుంపులో తమాషాకు పంపితినన్న జవాబు పనికిరాదని పెద్ద తరగతుల పిల్లలకు తెలియవలెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపు పిల్లల సమాచారమును తీసికొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెననియు, పిల్లల నడతను వెంటాడి ప్రకటనలు చూపరాదనియు చెప్పినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి దశలవారిగా అమలునకు రావలసియున్నవి.

ఒకసారి బయటకు పోయిన ఫోటోను ఆపుటకు వీలున్నదా అని అడుగుదురు. పూర్తిగా ఆపుట కష్టమే. కాని ఇందులో ఒక చక్కని గణిత ఉపాయము కలదు. మనిషికి వ్రేలిముద్ర ఉన్నట్లు ఫోటోకును ఒక ముద్రను లెక్కగట్టవచ్చును. ఫోటోను నలుపు తెలుపుగా మార్చి, ఒకే కొలతకు కుదించి, గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో వెలుతురు ఎటునుండి ఎటు మారుచున్నదో అంకెలుగా వ్రాసినచో ఒక పొడవైన సంఖ్యల వరుస వచ్చును. ఫోటోను కొంచెము చిన్నది చేసినను, రంగు మార్చినను ఈ వరుస పెద్దగా మారదు. ఈ వరుసనుండి అసలు ఫోటోను ఉన్నదున్నట్లుగా తిరిగి గీయుట సాధ్యము కాదు. 2009లో మైక్రోసాఫ్టు సంస్థయు, డార్ట్‌మత్ కళాశాల ఆచార్యుడు హానీ ఫరీదును కలిసి తయారుచేసిన ‘ఫోటో డి.ఎన్.ఏ.’ ఈ పద్ధతిదే. ఇట్టి ముద్రల ఆధారముననే అమెరికాలోని తప్పిపోయిన, పీడితులైన బాలల జాతీయ కేంద్రము ‘టేక్ ఇట్ డౌన్’ అను ఉచిత సేవను నడుపుచున్నది. పదునెనిమిదేండ్లలోపు తీసిన తమ ఫోటో బయటపడునని భయపడువారు ఏ దేశమునుండియైనను దీనిని వాడుకొనవచ్చును. ఫోటో ఫోనును విడిచి ఎక్కడికిని పోదు. దాని ముద్ర మాత్రమే పోవును. ఇన్‌స్టాగ్రాము, ఫేస్‌బుక్కు మొదలైన సంస్థలు ఆ ముద్రతో పోలిన ఫోటోను ఎవరైన ఎక్కింపబోయినచో గుర్తించి తొలగింపవచ్చును. గూఢలిపిలో నడచు సందేశములవరకు మాత్రము దీని చూపు పోదు.

మన దేశములో సైబరు నేరములపై ఫిర్యాదునకు 1930 నెంబరు, బాలల సహాయమునకు 1098, అత్యవసరమునకు 112 కలవు. జాతీయ సైబరు నేరముల పోర్టలులో స్త్రీలు, పిల్లలపై నేరములకు పేరు చెప్పకయే ఫిర్యాదు చేయు వీలు కూడ ఉన్నది. బెదరించువాడు పంపిన సందేశములను భయముతో తుడిచివేయరాదు. వాని ఖాతా పేరు, నెంబరు, తేదీ, సమయము కనబడునట్లు తెరను ఫోటో తీసి ఉంచవలెను. డబ్బు పంపరాదు, పంపినవానిని మరల అడుగుదురేగాని విడువరు. పిల్లల అశ్లీల చిత్రమును మాత్రము సాక్ష్యమునకనియైనను ఉపాధ్యాయులుగాని బంధువులుగాని తమ ఫోనులకు పంపించుకొనరాదు. అది ఎవరి ఫోనులో ఉన్నదో ఆ ఫోనునే పోలీసులకు చూపవలెను.